పాకలో వేడి, గాడిలో మేత: పాల దిగుబడిపై రెండింటి ఉమ్మడి ప్రభావం

పాడి పశువు కొనుగోలుకు రుణం కోరి బ్యాంకుకు వచ్చే రైతు సోదరులు, సోదరీమణులు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు. ఎన్ని లీటర్ల పశువుకు ఎంత రుణం ఇస్తారన్నది మొదటిది. నెల వాయిదా ఎంత పడుతుందన్నది రెండవది. పశువును ఎక్కడ కట్టబోతున్నారు, దాని ముందు ఏమి వేయబోతున్నారు అన్న ప్రశ్నలు మేము అడగవలసినవి. నిజం చెప్పవలెనంటే, ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను వాటిని అడగవలసిన విధంగా అడగలేదు. సంతలో పశువు పళ్ళు చూచేవారము, పొదుగు చూచేవారము, రెండు పూటలు పాలు పిండించి కొలిచేవారము, చెవి పోగు నంబరు వ్రాసుకొనేవారము. తనిఖీ నివేదికలో ‘పాక’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి ‘ఉన్నది’ అని ఒక్క మాట వ్రాసి సంతకం చేసేవాడిని.

ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో చిత్తూరు పడమటి ప్రాంతంలో పనిచేసేటప్పుడు నాకు తెలిసింది. సంకరజాతి ఆవులకు, పాల సేకరణకు పేరు పొందిన ప్రాంతమది. ఎత్తైన ప్రదేశం కనుక కోస్తా జిల్లాలంత ఎండలు ఉండవు. అందుచేత అక్కడి పశువులకు వేడి బాధ లేదని రైతులతో పాటు మేమూ అనుకొనేవారము.

ఒక గ్రామంలో ఒక మహిళకు రెండు ఆవుల యూనిట్ మంజూరు చేశాము. మొదటి ఆవును నవంబరులో కొన్నారు. అది రోజుకు 10 లీటర్లు ఇచ్చేది. మొదటిది ఒట్టిపోయే కాలానికి ఇంట్లో పాలు ఆగకూడదు కనుక రెండవ ఆవును ఆరు నెలల తరువాత ఇవ్వడం పద్ధతి. మార్చి వరకు వాయిదాలు సక్రమంగా వచ్చాయి. ఏప్రిల్ వాయిదా నిలిచింది, మే వాయిదా కూడా నిలిచింది. వెళ్ళి చూస్తే ఆవు రోజుకు నాలుగున్నర లీటర్లు మాత్రమే ఇస్తున్నది.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. ఈనిన ఆరు నుండి ఎనిమిది వారాలకు పాలు గరిష్ఠ స్థాయికి చేరి, ఆపై నెలకు సుమారు 7 నుండి 10 శాతం వంతున తగ్గడం సహజం. ఆ తగ్గుదలకు ఎవరినీ నిందించనవసరం లేదు. ఈ లెక్కన ఆ ఆవు మే నెలలో ఆరు, ఏడు లీటర్ల మధ్య ఇవ్వవలసి ఉన్నది. మిగిలిన రెండు లీటర్లు ఎక్కడికి పోయినట్లు?

దాణా చాలడం లేదని ఆ కుటుంబం భావించింది. దాణా దుకాణదారుడు కూడా అదే మాట చెప్పి, అరువుపై బస్తాలు పంపాడు. రోజుకు 5 కిలోలు పెడుతున్న దాణాను 7 కిలోలకు పెంచారు. పాలు పెరగలేదు. పైగా పేడ పలుచబడింది, నెమరు వేయడం తగ్గింది, పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోయి లీటరుకు వచ్చే ధర కూడా తగ్గింది. దాణా బాకీ మా వాయిదా బాకీని దాటిపోయింది. ఆవును కొనడానికి ఒక దళారి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు కూడా.

ఆవును కట్టిన చోటు ఇంటి గోడకు ఆనించి దింపిన రేకుల వసారా. కప్పు ఎత్తు ఆరున్నర అడుగులు. మూడు వైపులా గోడ, తెరచి ఉన్న నాలుగవ వైపు పడమర. నీరు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి బక్కెట్టుతో పెట్టేవారు. మరుసటి రోజు ఒక ఉష్ణమాపకం తీసుకొని వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలకు ఆవు వీపు ఎత్తున అది 41 డిగ్రీలు చూపింది. ఇరవై అడుగుల దూరంలో ఉన్న చింతచెట్టు క్రింద 36 డిగ్రీలు చూపింది. “నీడలోనే కదా సార్ కట్టినాము, ఎండలో కట్టలేదే” అని ఆమె బాధపడింది. ఆమె మాటలో తప్పు లేదు. రేకు క్రింద ఉన్నదీ నీడే. కాని ఎండ కాచిన రేకు పొయ్యి మీద పెనం వలె క్రిందికి వేడిని వెదజల్లుతుంది. తప్పు ఆ వసారాను చూచి కూడా ‘ఉన్నది’ అని వ్రాసిన నాది.

మేత ఎక్కువైనా పాలు ఎందుకు తగ్గాయి?

ఆవు, గేదె తిన్న మేత మొదట పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల వలన పులుస్తుంది. ఆ పులియడంలో వేడి పుడుతుంది. పాలు తయారుకావడంలో కూడా వేడి పుడుతుంది. అందుచేత ఎక్కువ పాలిచ్చే పశువు తన లోపల ఎక్కువ కుంపటిని మోస్తున్నదని చెప్పవచ్చు. ఈ వేడిని అది చర్మం ద్వారా, శ్వాస ద్వారా బయటకు పంపాలి. చుట్టూ ఉన్న గాలి 25 నుండి 27 డిగ్రీలు దాటేసరికి సంకరజాతి ఆవుకు ఈ పని కష్టమవడం ఆరంభమవుతుంది. మన ఒంగోలు వంటి నాటు జాతులు ఇంతకంటే ఎక్కువ వేడిని ఓర్చుకొంటాయి గాని వాటి పాలు తక్కువ.

లోపలి వేడిని తగ్గించుకొనుటకు పశువుకు తెలిసిన మొదటి ఉపాయం మేత మానుకోవడం. అందులోనూ ఎక్కువ వేడి పుట్టించే ఎండుగడ్డిని ముందు మానుతుంది. దాణా రుచిగా ఉంటుంది కనుక దానిని మాత్రం తింటుంది. గడ్డి తగ్గితే నెమరు తగ్గుతుంది, నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. పొట్టలోని పులుపును విరిచేది ఆ లాలాజలంలో ఉండే సోడా గుణమే. పైగా రొప్పుతూ చొంగ కార్చే పశువు ఆ కొద్దిపాటి లాలాజలాన్ని కూడా నేలపాలు చేస్తుంది. ఇటువంటి స్థితిలో మరి రెండు కిలోల దాణా పెడితే పొట్టలో పులుపు పెరుగుతుంది, పేడ పలుచబడుతుంది, వెన్న శాతం పడిపోతుంది. ఆ ఆవుకు జరిగినది ఇదే. చలికాలంలో ఆ 7 కిలోలు కొంతవరకు దుబారా మాత్రమే అయ్యేవి. వేడి వసారాలో అవి హాని చేశాయి.

కనుక పాక వేరు, మేత వేరు అని విడదీసి ఆలోచించరాదు. ఒకే మేత ఒక పాకలో పాలవుతుంది, మరొక పాకలో రోగమవుతుంది.

కోస్తాలో గాలిలోని తేమ

కృష్ణా, గుంటూరు డెల్టా ప్రాంతపు పాఠకులకు వేరుగా చెప్పవలసిన విషయం ఒకటి ఉన్నది. పశువుకు కలిగే బాధను ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయించదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట, శ్వాస ద్వారా వేడి బయటకు పోదు. శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ కలిపి ఒక సూచికను లెక్కిస్తారు. మామూలు ఉష్ణమాపకం చూపిన డిగ్రీలకు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపిన డిగ్రీలను కలిపి, 0.72తో హెచ్చించి, 40.6 కలుపవలెను. ఫలితం 72 దాటితే పాడి ఆవుకు ఒత్తిడి ఆరంభమైనట్లు.

రాయలసీమలో పొడి గాలి ఉన్న ఒక రోజున ఉష్ణోగ్రత 35, తడి ఉష్ణమాపకం 22 చూపినదనుకొందాము. సూచిక 81.6 వస్తుంది. సముద్ర తీరంలో మబ్బు పట్టిన రోజున ఉష్ణోగ్రత 32 మాత్రమే ఉండి, తడి ఉష్ణమాపకం 27 చూపితే సూచిక 83.1. మనకు చల్లగా ఉన్నదనిపించిన ఆ రోజే పశువుకు ఎక్కువ కష్టం. జూన్‌లో వానలు పడినంత మాత్రాన వేసవి జాగ్రత్తలను చాలించరాదన్నది ఇందువల్లనే.

ముర్రా, గ్రేడెడ్ ముర్రా గేదెలది మరొక సమస్య. వాటి నల్లని చర్మం ఎండను పీల్చుకొంటుంది. చెమట గ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ. నీడ, నీరు సమృద్ధిగా ఉంటే గేదె చక్కగా పాలిస్తుంది. ఆ రెండూ కరువైతే ఆవుకంటే ముందు కుదేలవుతుంది. చెరువు, కాలువ అందుబాటులో లేని చోట రోజుకు రెండు మూడుసార్లు నీళ్ళు పోసి కడగవలెను. వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు, తీగలు వేయడం కూడా అంతంత మాత్రమే. రైతు గుర్తించేలోగా ఎద దాటిపోతుంది. ఒక్క ఎద తప్పితే మూడు వారాలు వెనుకబడినట్లు. అన్ని రోజులూ పాలు లేకుండా మేపవలసిందే, వాయిదా మాత్రం ఆగదు.

పాక ఎట్లుండవలెను

క్రొత్త పాక వేసేవారు పొడవును తూర్పు పడమరలుగా ఉంచవలెను. మధ్యాహ్నపు ఎండ అప్పుడు కప్పు మీదనే పడుతుంది గాని పశువు మీద పడదు. ఆవుకు 3.5 చదరపు మీటర్లు, గేదెకు 4 చదరపు మీటర్లు కప్పు క్రింద స్థలం ఉండవలెను. దానికి రెట్టింపు ఆరుబయట ఉంటే మంచిది. చూరు ఎత్తు ఎనిమిది నుండి పది అడుగులు. ప్రక్క గోడలు నాలుగు అడుగులకు మించి అవసరం లేదు. చాలామంది దొంగల భయంతో, చలి భయంతో గోడను కప్పు దాకా లేపుతారు. దొంగ భయం ఉంటే పైభాగంలో కమ్మీలు బిగించుకొనవచ్చు, చలికాలంలో గోనె పట్టాలు దింపుకొనవచ్చు. గాలిని మాత్రం శాశ్వతంగా మూయరాదు.

తాటాకు, గడ్డి కప్పులు అన్నింటికంటే చల్లనివి. అగ్ని భయం, ఏటేటా నేయించే ఖర్చు వాటి లోపాలు. రేకులు వేసినవారు పైన సున్నం పూయించి, వేసవిలో అర అడుగు మందాన వరిగడ్డి గాని తాటాకు గాని పరచి కట్టితే క్రింద తేడా స్పష్టంగా తెలుస్తుంది. తడిపిన గోనె సంచులు పడమటి వైపు వ్రేలాడదీయడం తెలంగాణ, రాయలసీమల పొడి వేడికి మంచి ఉపాయం. తీర ప్రాంతంలో అదే పని చేసి గాలి ఆడకుండా చేస్తే పాక ఆవిరి గది అవుతుంది. అక్కడ పశువు ఒంటిపై నీరు చల్లి, వెంటనే ఫ్యాను గాలి గాని సహజమైన గాలి గాని తగిలేటట్లు చూడవలెను.

నేల వాలు 40కి 1 నుండి 60కి 1 వరకు, అనగా ఐదు అడుగులకు ఒకటి నుండి ఒకటిన్నర అంగుళం కాలువ వైపు ఉంటే మూత్రం నిలువదు. సిమెంటు నేలను నున్నగా చేయించకండి, పశువు జారుతుంది. నేల సంగతి పాలతో నేరుగా ముడిపడి ఉన్నది. పాలు పితికిన తరువాత సుమారు అరగంట వరకు చనుకట్ల రంధ్రాలు తెరచుకొని ఉంటాయి. ఆ సమయంలో పశువు పేడలో, మూత్రపు తడిలో పడుకొంటే పొదుగువాపు క్రిములు లోపలికి చేరుతాయి. దీనికి ఖర్చులేని ఉపాయం మేతలోనే ఉన్నది. పితికిన వెంటనే గాడిలో పచ్చిమేత వేస్తే పశువు తింటూ అరగంట నిలబడే ఉంటుంది. పితికేటప్పుడే మేతంతా పెట్టి, తరువాత ఖాళీ గాడి చూపించే అలవాటును మార్చుకొనవలెను.

మేత ఎంత, ఎప్పుడు

నాలుగు వందల కిలోల బరువున్న సంకరజాతి ఆవుకు రోజుకు 10 నుండి 12 కిలోల ఎండు పదార్థం కావాలి. ఏడు లీటర్ల పాలిచ్చే ఆవును తీసుకొందాము. శరీర పోషణకు 1.5 కిలోలు, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున 2.8 కిలోలు, మొత్తం 4.3 కిలోల దాణా సరిపోతుంది. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక రెండు లీటర్లకు ఒక కిలో లెక్క వేయవలెను. ఈ దాణాకు తోడు 25 కిలోల పచ్చిమేత, మూడున్నర కిలోల ఎండుగడ్డి వేస్తే 12 కిలోల ఎండు పదార్థం పూర్తి అవుతుంది. ఏ.పి.బి.ఎన్‌-1 వంటి హైబ్రిడ్ నేపియర్ గడ్డితో పాటు అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత కొంత కలిపితే దాణా మరికొంత తగ్గించుకొనవచ్చు. లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు మరువరాదు. వేసవిలో నీరు చాలక గిడసబారిన జొన్న పైరును పూతకు ముందు మేపితే విషం. పచ్చిమేత కరువులో ఏటా ఎక్కడో ఒక చోట పశువులు ఇట్లే చనిపోతున్నాయి.

వరిగడ్డి మీద ఆధారపడినవారు దానిని యూరియాతో మాగవేయవచ్చు. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచి, మేపేముందు కొంతసేపు ఆరబెట్టవలెను. ఆరు నెలలలోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా నీరు, బస్తా పశువుకు అందే చోట ఉంచరాదు.

ఇంతవరకు మేత పరిమాణం. వేసవిలో పరిమాణం కంటే వేళ ముఖ్యం. మేత తిన్న కొన్ని గంటలకు పొట్టలో వేడి ఎక్కువ అవుతుంది. ఉదయం తొమ్మిదికి, పదికి పెట్టిన ఎండుగడ్డి సరిగ్గా మిట్టమధ్యాహ్నం లోపల కుంపటి రాజేస్తుంది. మొత్తం మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం ఆరు నుండి తెల్లవారు ఆరు లోపల పడేటట్లు చూడండి. ఎండుగడ్డి అంతా రాత్రికే కేటాయించండి. మధ్యాహ్నం నీరు, నీడ చాలు. దాణాను రెండు పూటలకు బదులు మూడు, నాలుగు విడతలుగా పెడితే పొట్టలో పులుపు ఒక్కసారిగా పెరగదు. వంటసోడా వాడకాన్ని మీ పశువైద్యుని సలహాపైన మాత్రమే చేపట్టండి.

నీటి విషయం చివర చెప్పడం సరికాదేమో, కాని చాలామంది రైతులు దానిని చివరకే వదిలివేస్తారు. ఆవు పాలలో సుమారు 87 శాతం నీరే. పాడి ఆవుకు మామూలు రోజులలోనే 60, 70 లీటర్లు కావాలి. వేసవిలో ఇది ఇంకా పెరుగుతుంది. రోజుకు రెండు బక్కెట్లు పెట్టి పది లీటర్ల పాలు ఆశించడం అన్యాయం. తొట్టి నీడలో ఉండవలెను. ఎండలో కాగిన నీటిని పశువు మూతి పెట్టి వదిలివేస్తుంది.

దాణా విక్రయించే సోదరులకు

మీరు రైతుకు అప్పుపై దాణా ఇస్తున్నారు. ఆ విధంగా మీరూ మావలెనే రుణదాతలు. పాలు తగ్గాయని రైతు వస్తే మరొక బస్తా వేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: పశువు నెమరు వేస్తున్నదా, రొప్పుతున్నదా అని. నెమరు తగ్గి రొప్పు ఉంటే ఆ పశువుకు కావలసినది మీ దుకాణంలో లేదు. ఆ రోజు బస్తా ఇవ్వకుండా పంపితే మీ పాత బాకీ వసూలయ్యే అవకాశం పెరుగుతుంది.

మీ గోదాము కూడా ఒక పాక వంటిదే. వానాకాలంలో నేలమీద, గోడకు ఆనించి పెట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న బూజు పడుతుంది. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషం పశువు కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకి కూడా దిగుతుంది. పాలలో దీనిని కిలోకు 0.5 మైక్రోగ్రాములకు మించనీయరాదని మన ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. చెక్క పలకలపై, గోడకు అడుగు దూరంగా బస్తాలు పేర్చండి. బూజు వాసన ఉన్న చెక్కను తక్కువ ధరకు కూడా అమ్మకండి, రైతులు కొనకండి.

రుణం తీసుకొనే ముందు

పశువు ధరకు మాత్రమే రుణం అడగడం చాలామంది చేసే పొరపాటు. పాక నిర్మాణం, కప్పు ఎత్తు పెంచడం, నీటి తొట్టి, గడ్డి కత్తిరించే యంత్రం కూడా యూనిట్ వ్యయంలో చూపవచ్చునేమో మీ శాఖలో అడిగి తెలుసుకొనండి. మేతకు, వైద్యానికి, కూలికి, నీరు విద్యుత్తుకు అయ్యే నిర్వహణ ఖర్చుల విషయంలో 2018-19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని పశుపోషకులకు కూడా ప్రకటించారు. దానికి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు జారీ చేసింది. ఈ పరిమితి ఉన్న రైతు దాణా ధర తానే బేరమాడగలడు. ఇద్దరు పశువులకు డబ్బు సరిపోయి పాకకు చాలని పక్షంలో నా సలహా ఒక పశువు, ఒక మంచి పాక. మా పై అధికారులలో కొందరు దీనితో ఏకీభవించకపోవచ్చు.

ఆ మహిళ ఆవు విషయం. దానిని పగలు చింతచెట్టు క్రిందికి మార్చారు. వసారాపై గడ్డి పరిచారు. తూర్పు గోడలో ఇటుకలు తీసి గాలి దారి చేశారు. సగం కోసిన డ్రమ్మును నీడలో పెట్టి నీటితో నింపి ఉంచారు. పశువైద్యుని సలహాపై దాణాను కొద్దికొద్దిగా నాలుగు కిలోలకు దించి, జొన్న చొప్ప ముక్కలు రాత్రికి వేశారు. మూడవ రోజుకు నెమరు పూర్తిగా వచ్చింది. రెండు వారాలకు పాలు ఆరు లీటర్లకు చేరాయి. పదికి రాలేదు, రావు కూడా. అయినా దాణా ఖర్చులో రోజుకు మూడు కిలోలు మిగిలాయి, వెన్న శాతం తిరిగి వచ్చింది, దళారి మళ్ళీ రాలేదు. అంతకుముందు మూడుసార్లు ఇంజెక్షను చేయించినా కట్టని ఆవు జూలైలో చూడి కట్టింది. నిలిచిన వాయిదాలు అక్టోబరు నాటికి తీరాయి.

రెండవ ఆవును మే నెలలో ఇవ్వలేదు. సెప్టెంబరులో కప్పును తొమ్మిది అడుగులకు లేపి, ప్రక్క గోడలను సగానికి దించిన తరువాత ఇచ్చాము. ఆ రోజు నివేదికలో పాక గడిలో కప్పు ఎత్తు, తెరచిన దిక్కులు, నేల వాలు, నీటి తొట్టి పరిమాణం, మధ్యాహ్నం మూడు గంటల ఉష్ణోగ్రత వ్రాశాను. గడి చాలక ప్రక్కనున్న ఖాళీ అంచు కూడా వాడుకొనవలసి వచ్చింది.